సంతకం ఇంకా పెట్టలేదే

ఒసేయ్ సుజాతా,

ఫోన్లో చెబితే మధ్యలో అడ్డొస్తావని ఉత్తరం రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మొన్న నాన్న సంవత్సరీకానికి ఊరెళ్లాం. భోజనాలయ్యాక వదిన అక్కకీ నాకూ చీరలు పెట్టింది. నాది మామిడిపిందెల అంచు. బావుందనుకుంటూ మడత విప్పుతుంటే అన్నయ్య కాగితాలు తెచ్చాడు. హక్కు విడుదల దస్తావేజు. తాతగారి నాటి మూడెకరాల మాగాణిలో మా వాటాలు వాడికి వదిలేస్తున్నట్టు. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా" అని రాసుంది. రాసినవాడు నా మొహమైనా చూడలేదు, నా ఇష్టం వాడికెలా తెలిసిందో!

అన్నయ్య చెడ్డవాడని కాదే. నాన్న మంచాన పడ్డ రెండేళ్లూ ఎత్తి కూర్చోబెట్టింది వాడూ వదినే. అందుకే నోరు పెగల్లేదు.

"నీకు కట్నం ఇచ్చాం కదే" అన్నాడు. ఇచ్చారు, కాదనను. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే, మనవాళ్ల లెక్కల్లో మాత్రం అదే ఆడపిల్ల వాటా. పోనీ ఆ డబ్బు నేను కళ్లజూశానా? ఆర్నెల్లు తిరక్కుండా మా ఆడపడుచు పెళ్లికి కట్నంగా వెళ్లిపోయింది.

అక్క సంగతి ఇంకా చిత్రం. దాని పెళ్లి 1984లో, నాది 1991లో. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకీ పిత్రార్జితంలో పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకి మాత్రం లేదంది. ఒకే మంచం మీద పడుకుని పెరిగిన ఇద్దరం! ఏడాది ముందు మూడుముళ్లు పడ్డందుకు అక్కకి పోయింది, నాకు వచ్చింది. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇదంతా ఆ రాత్రి డాబా మీద మా అమ్మాయి చెప్పింది. "ఇరవై ఏళ్ల నుంచి నాకూ ఉందా!" అంది అక్క, ఎప్పుడో పోయిన ముక్కుపుడక దొరికినట్టు. అంతలోనే గొంతు తగ్గించి, "అయినా పెట్టేద్దామే. రేపు మనం పోతే పుట్టింటి చీర, పసుపు కుంకుమ తెచ్చేదెవరు?" అంది.

ఏం చెప్పను? నా భయమూ అదే. వాటా అడిగిన ఆడపిల్లని మన ఊళ్లలో ఏమంటారో నీకు తెలీంది కాదు. కోర్టు గడప తొక్కకపోయినా పుట్టింటిని కోర్టుకీడ్చిందనే అంటారు.

"చదివి ఇస్తాలే" అని ఆ కాగితాలు చీర మడతలో పెట్టుకుని వచ్చేశా. బీరువాలో ఉన్నాయి. చీర కట్టుకోబుద్ధి కావడం లేదు. నాన్నకి చేసినందుకు అన్నయ్యకి ఎక్కువ వెళ్లాలి, ఒప్పుకుంటా. ఓ అరెకరం నా పేరున ఉండాలని మాత్రం ఉంది. కాలవ పక్క ముక్కయితే మరీ మంచిది, అక్కడ తాటిముంజలు తిన్నాం గుర్తుందా?

నువ్వు మీ తమ్ముడికి సంతకం పెట్టి పదేళ్లయింది కదా. ఆ తర్వాత నిన్ను పండక్కి ఎన్నిసార్లు పిలిచాడు? దాచకుండా రాయి.

నీ
విజయ