వీడి మాట నమ్మొచ్చా?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత నెల లైబ్రరీ పీరియడ్‌లో పదో తరగతి పిల్లలు చదివిన కథ గురించి కొందరు నాతో మాట్లాడారు. "హంతకుడే హీరో ఏంటి మేడమ్, పిల్లల మనసు ఏమైపోతుంది?" అని ఒక అమ్మ టెన్షన్‌గా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈసారి ముందుగా దీని గురించే రాస్తున్నాను.

ఆ కథ అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది టెల్‌టేల్ హార్ట్'. 1843లో అచ్చయింది. పట్టుమని పది పేజీలుండదు. ఒకడు ఒక ముసలాయన్ని చంపుతాడు. డబ్బు మీద ఆశ లేదు, ఆయన మీద కోపమూ లేదు. ఆయన కన్ను రాబందు కన్నులా ఉందట, అంతే! ఏడు రాత్రులు తలుపు ఓరగా తీసి, లాంతరులోంచి సన్నటి వెలుగు ఆ కంటి మీద వేసి చూస్తాడు. కన్ను మూసి ఉంటుంది. ఎనిమిదో రాత్రి తెరిచి ఉంటుంది. శవాన్ని నేల చెక్కల కింద దాచి, పోలీసులొస్తే తన కుర్చీ సరిగ్గా ఆ చెక్కల మీదే వేసుకుంటాడు.

ఇదంతా మనకు చెప్పేది వాడే. తనకు పిచ్చి లేదని, ఎంత జాగ్రత్తగా పని చేశానో చూడమని మాటిమాటికీ అంటాడు. టీచర్ చదువుతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. మధ్యలో ఒక అమ్మాయి లేచి, "నిజంగా పిచ్చి లేకపోతే ఇన్నిసార్లు ఎందుకు చెప్పుకుంటాడు టీచర్?" అంది. పిల్లలు మళ్లీ మొదటి నుంచి చదివారు. ఈసారి పెన్సిల్ పట్టుకుని, వాడు ఎక్కడెక్కడ నమ్మించబోతున్నాడో అక్కడల్లా గీత గీశారు. ఆ గీతల కోసమే మేం ఈ కథ ఎంచుకున్నాం. "ఇంట్లో చెప్పకు, నీ మంచికే చెబుతున్నా" అని పిల్లల ఫోన్‌కి మెసేజ్ పెట్టేవాడు కూడా చక్కగానే మాట్లాడతాడు కదా.

గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' మీలో చాలామంది చదివే ఉంటారు. అది థ్రిల్లర్ కాదు గానీ, వంశ ప్రతిష్ఠ పట్టుకుని వేలాడే ఆ సీతారామారావును చూసి జాలిపడాలో విసుక్కోవాలో ఇప్పటికీ నాకు తేలదు. నచ్చని మనిషితో నవల చివరిదాకా నడవడం నేను నేర్చుకున్నది అక్కడే.

ఒక పొరపాటు మాత్రం మాదే. ఒక బాబు ఆ రాత్రి గదిలో లైటు ఆర్పనివ్వలేదని వాళ్ల నాన్నగారు చెప్పారు. మీకు ముందే తెలియజేసి ఉండాల్సింది. ఇకపై ఇలాంటి కథ చదివించే ముందు డైరీలో రాసి పంపుతాం. వద్దనుకున్న పిల్లలకు వేరే కథ ఇస్తాం. తొమ్మిదో తరగతి లోపు పిల్లలకు ఇవి అసలు ఇవ్వం.

కథ కాపీ ఆఫీసులో ఉంది. శనివారం మీటింగ్‌కి వచ్చినప్పుడు పిల్లలు గీతలు గీసిన పేజీలు కూడా చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు