వకాల్తాకు సంతకం కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. రాజకీయ వార్తల్లో ‘వకాల్తా పుచ్చుకోవడం’ అనే మాట తరచుగా కనబడుతుంది. ఫలానా నాయకుడు ఫలానా కంపెనీకి వకాల్తా పుచ్చుకొన్నాడని రాస్తే, ఎవరూ అడగకపోయినా ఆ పక్షాన మాట్లాడుతున్నాడనే ఎత్తిపొడుపు అందులో ఉంటుంది. ఆ జాతీయం తెలుగులో ఏనాడో స్థిరపడింది కనుక దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే కోర్టులో ఈ మాటకు ఉన్న అర్థం దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుందనీ, అక్కడికి వెళ్ళవలసి వచ్చినవారు ఆ తేడా తెలుసుకోవడం అవసరమనీ చెప్పదలచాను.

అరబ్బీలో పుట్టి పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరిన ‘వకీలు’ అంటే, ఒకరు తమ తరఫున పని నడపమని నియమించుకొన్న మనిషి. ఒక దర్బారు తరఫున మరో దర్బారులో ఉండే రాయబారినీ పూర్వం వకీలనే అనేవారు. 1784లో మొగలు చక్రవర్తి రెండవ షా ఆలం పీష్వాకు ‘వకీల్-ఎ-ముత్లక్’ (సర్వాధికార ప్రతినిధి) పదవినిస్తే, నాయబు హోదాలో ఆ అధికారం చలాయించినవాడు మహాద్‌జీ సింధియా. అంటే ప్రతినిధికి మళ్ళీ ప్రతినిధి. (ఈ ‘నాయబు’ బహువచన రూపమే ‘నవాబు’. మనం దర్జాకు మారుపేరుగా వాడే మాట, పుట్టుకలో మరొకరికి బదులు పనిచేసేవాడిదే.)

ఇక కోర్టు సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడవ ఆర్డరు నాలుగవ రూలు ప్రకారం, కక్షిదారు గాని, అతని గుర్తింపు పొందిన ఏజెంటు గాని, ముక్త్యారునామా (పవర్ ఆఫ్ అటార్నీ) ద్వారా తగిన అధికారం పొందినవారు గాని సంతకం చేసిన లిఖిత పత్రం, అంటే వకాల్తా, లేకుండా ఏ న్యాయవాదీ అతని తరఫున వ్యవహారం నడపడానికి వీల్లేదు. దాఖలైన వకాల్తా, కోర్టు అనుమతితో రాతపూర్వకంగా రద్దయ్యేదాకానో, ఇద్దరిలో ఒకరు మరణించేదాకానో, ఆ దావా వ్యవహారమంతా ముగిసేదాకానో అమల్లో ఉంటుంది.

ఇంతటి కాగితం మీద చాలామంది ఖాళీలైనా పూరించకముందే సంతకమో వేలిముద్రో వేసి ఇచ్చేస్తారు. అచ్చు ఫారాల్లో రాజీ పడడానికి, దావా ఉపసంహరించుకోవడానికి, కోర్టులో జమైన సొమ్ము తీసుకోవడానికి కూడా అధికారమిచ్చే వాక్యాలు సాధారణంగా ఉంటాయి. వాటిలో ఇష్టం లేనిదాన్ని కొట్టివేయమని అడగవచ్చునన్న ఆలోచన కూడా మనకు రాదు; వకీలు గారు ఏమనుకొంటారోనన్న మొహమాటమే ఎక్కువ. కక్షిదారు ముఖ్యమైన హక్కులను వదులుకొనే ఒప్పుకోలు చేయడానికి న్యాయవాదికి సాధారణంగా తనంతట తానుగా అధికారం ఉండదని సుప్రీంకోర్టు 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసులో చెప్పింది. ఫీజు బాకీ ఉన్నదన్న కారణంతో కేసు కాగితాలు అట్టిపెట్టుకొనే హక్కు కూడా లేదని 2000లోనే ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. వకీలును మార్చదలచినవారు ఈ రెండవ తీర్పును గుర్తుంచుకోవాలి.

మీ న్యాయసలహాల శీర్షికలో ఒక వారం అచ్చు వకాల్తా ఫారాన్ని యథాతథంగా ప్రచురించి, ఒక్కొక్క వాక్యం ఏ అధికారాన్ని ఎవరికి ఇస్తున్నదో అనుభవజ్ఞులైన న్యాయవాది చేత వివరింపజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ