గేటు కాడి తుపాకీ ఎవరి పేరున?

సంపాదకులకు,

హన్మకొండ, హసన్‌పర్తి వైపు ఏ ప్రైవేటు కాలేజీలో గొడవైనా ‘క్యాంపస్ పోలీసు’కు తుపాకులివ్వాలనే మాట లేస్తుంది. అసలు మన చట్టంలో ఆ పేరుతో పోలీసే లేడు. గేటు దగ్గరున్నది 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద పనిచేసే గార్డు. పోలీసు యూనిఫారాన్ని పోలిన బట్టలు వేసుకున్నా ఆయనతో పాటు ఏజెన్సీ యజమానీ శిక్షార్హుడే (21వ సెక్షన్).

పట్టుకునే అధికారం ఆయనకు ఎంతుందో దారిన పోయేవాళ్లకూ అంతే ఉంది. తన కళ్లముందు జరిగిన నేరం కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది), నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) రెండూ అయితేనే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 40వ సెక్షన్ కింద నిందితుణ్ని పట్టుకుని ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలి. 2024 జులై 1కి ముందు ఈ గంటల లెక్క లేదు, అందుకే చాలామందికి తెలియదు. మెస్‌లో ఇద్దరు చెంపలు వాయించుకుంటే ఈ సెక్షన్ పనికిరాదు. మామూలు దెబ్బల కేసులో వారంటు లేనిదే పోలీసే అరెస్టు చేయలేడు, గార్డెంత? ‘అమ్మానాన్న వచ్చేదాక’ అని రాత్రంతా గదిలో కూర్చోబెడితే అక్రమ నిర్బంధమవుతుంది. బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 127 కింద ఏడాది దాకా జైలు. ఇక ఫోను గుంజుకుని తెరిచి చూస్తే, రేపు కోర్టులో ఆ సాక్ష్యాన్ని తారుమారు చేశారనడానికి డిఫెన్సుకు దారి దొరికినట్టే.

తుపాకీ సంగతి ఇంకా చిక్కు. ఆయుధ లైసెన్సు మనిషి పేరున ఉంటుంది, గేటు పేరున కాదు. పగటి గార్డు తన తుపాకీని రాత్రి గార్డు చేతిలో పెట్టి ఇంటికి పోయాడనుకోండి. రిటైనరుగా (లైసెన్సుదారు తరఫున ఆయుధం పట్టే అనుమతి ఉన్నవాడిగా) రెండోవాడి పేరు ఆ లైసెన్సులో లేకుంటే అతనిది అక్రమ ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి రెండేళ్లకు తగ్గని జైలు. పైగా పన్నెండు బోరు తుపాకీలో బక్‌షాట్ (ఒకే తూటాలో చాలా గుండ్లుండేది) పేలిస్తే గుండ్లు చెదురుతాయి. పిల్లలు గుమిగూడిన చోట ఒక్కడికే తగలాలంటే ఎట్లా?

అమెరికాలో క్యాంపస్ పోలీసులు లేరా అనేవాళ్లు సగమే చెబుతారు. అక్కడ ఆ అధికారం రాష్ట్ర చట్టం నుంచి రావాలి. జాన్స్ హాప్కిన్స్ వర్సిటీకి మేరీల్యాండ్ శాసనసభ 2019లో ఇచ్చింది. ఇచ్చాక కూడా లెక్క అడగడం ఆగలేదు. ఆటర్‌బైన్ వర్సిటీ పోలీసు రికార్డులు ప్రజలకు చూపాల్సిందేనని ఒహాయో సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. మరుసటేడు నోట్రడేమ్ వర్సిటీ విషయంలో మాత్రం ఇండియానా సుప్రీంకోర్టు అక్కర్లేదంది.

మనకు ఆర్టీఐ ఉంది. ఏజెన్సీ నేరుగా జవాబివ్వనక్కర్లేదేమో గానీ, దాని రికార్డులు తనిఖీ చేసే అధికారం లైసెన్సిచ్చే ప్రభుత్వాధికారికి ఉంది (16వ సెక్షన్). ఆయన రాబట్టగల సమాచారం ఆర్టీఐ 2(ఎఫ్) కింద మనమూ అడగొచ్చు. ఏజెన్సీ లైసెన్సు గడువెప్పటిదాకా, ప్రతి గార్డుకూ శిక్షణ పత్రం ఉందా (కేంద్ర నమూనా నిబంధనల్లో తరగతి 100 గంటలు, ఫీల్డు 60 గంటలు), తుపాకులుంటే ఎవరి పేరున? తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందే ఈ మూడూ అడగాలి.

– ఒక న్యాయవాది, హన్మకొండ