కార్యదర్శి వార్షిక నివేదిక: పెట్టెలు తెరిచిన ఏడాది

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభకు వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రాని వారికీ నమస్కారమే, నివేదిక ఎలాగూ ఇంటికి చేరుతుంది.

కుటుంబ చరిత్రలు భద్రపరిచే మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. నెలవారీ సమావేశాలు రెండు తప్ప అన్నీ జరిగాయి. ఆ రెండూ ఎందుకు జరగలేదో, హాలు తాళంచెవి ఎవరి జేబులో ఉండిపోయిందో వారికే తెలుసు. వంశవృక్షాల ఫైళ్లు సర్దే పని సగంలో ఉంది. పాత జనన నమోదు నకళ్ల కోసం ఒక కార్యాలయంలో అర్జీ పెట్టాం. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ "సార్ సీట్లో లేరు" అన్నారు. నాలుగోసారి వెళ్లే ఓపిక ఉన్నవారు ముందుకు రావాలి.

ఇక గర్వంగా చెప్పుకునేది, సభ్యులు తమ ఇళ్లలోని పాత ట్రంకు పెట్టెలు హాలుకు తెచ్చి అందరి ముందూ తెరిచిన ఆదివారం. ఆ రోజు పెట్టుకున్న నియమం ఒక్కటే: పెట్టెను బోర్లించకూడదు. పైపొర ఫొటో తీశాకే దాన్ని కదపాలి, తర్వాత కింది పొర. "ఇంత చాదస్తమా" అని కొందరు విసుక్కున్నారు. కాగితాలు అవి ఉన్న వరసలోనే ఉండాలని బెర్లిన్‌లోని ప్రష్యా (జర్మనీలో అప్పటి ఒక రాజ్యం) ప్రభుత్వ ఆర్కైవు, అంటే పాత రికార్డుల భాండాగారం, 1881లోనే నియమం పెట్టుకుంది. ఏ వస్తువు పక్కన ఏది ఉందన్నదే సగం సాక్ష్యం మరి.

ఆ చాదస్తం మధ్యాహ్నానికల్లా పనికొచ్చింది. ఒక సభ్యురాలు వాళ్ల అమ్మమ్మ పెట్టె తెచ్చారు. బట్టల కింద ఒక గుడ్డ మూట, అందులో విరిగిన గొడుగు పిడి ఒకటి, దళసరి అట్టకు అతికించిన ఫొటో ఒకటి. పిడి చివర కుక్క తల చెక్కి ఉంది, ఒక చెవి అరిగి నున్నబడింది. "ఇదెందుకు దాచిందో మా అమ్మమ్మ" అని ఆవిడ పక్కన పెట్టబోయారు. ఈలోగా ఫొటోను భూతద్దంతో చూస్తున్న కుర్రాడు కేక పెట్టాడు. కుర్చీలో కూర్చున్న మనిషి చేతికింద అదే కుక్క తల!

ఆయన 1860కి ముందే పోయిన ముత్తాత గారని ఇంట్లో చెప్పుకునేవారట. అట్టను కొలిచి చూస్తే సుమారు 11 సెంటీమీటర్లు, పదహారున్నర సెంటీమీటర్లు. అంటే క్యాబినెట్ కార్డు, స్టూడియోలు ఫొటో అతికించి ఇచ్చే ఒక కొలత అట్ట. అవి వాడుకలోకి వచ్చిందే 1866 ప్రాంతంలో, 1920ల దాకా నడిచాయి. పాత బొమ్మకు మళ్లీ ఫొటో తీసి ఉంటే తప్ప ముత్తాత గారు కాలేరు. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాళ్ల చిన్నమ్మమ్మకు ఫోన్లో చూపిస్తే క్షణం కూడా ఆలోచించలేదు. "మా పెదనాన్నే! ఆ కుక్క చెవి పట్టుకోనిస్తేనే నేను ఏడుపు ఆపేదాన్నిరా" అన్నారు. ఆ పెట్టెను ఎవరైనా బోర్లించి ఉంటే పిడి పాత సామాన్లలోకి, ఫొటో ఆల్బంలోకి పోయేవి.

పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రికను కూడా పారేయనివ్వలేదు. దాని మీది తేదీకి ముందు ఆ పెట్టె సర్ది ఉండరని కనీసం తేలుతుంది. పోస్టుకార్డుల మీది తపాలా ముద్రలూ అంతే, భూతద్దం పెడితే తేదీ, ఊరు రెండూ చెబుతాయి.

నష్టాలూ చూశాం. మాచికాయ, అన్నభేది కలిపి చేసిన పాత సిరా గోధుమరంగుకు తిరిగి, అక్షరాల వెంబడే కాగితాన్ని తినేసిన ఉత్తరం ఒకటి. ఒక ఫిల్మ్ డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. అసిటేట్ ఫిల్మ్ (ఒక రకం ప్లాస్టిక్ ఫిల్మ్) పాడవుతోందనడానికి అదే గుర్తు. దాన్ని మిగతా వాటికి దూరంగా, చల్లటి చోట పెట్టి, త్వరగా స్కాన్ చేయించాలి. ఉత్తరాలకు లామినేషన్ వద్దు, టేపు అసలే వద్దు. ఈ మాట చెప్పే అర్హత నాకు బాగా ఉంది. మా నాన్నగారి ఉత్తరం చిరిగితే ఇరవై ఏళ్ల కిందట నేనే టేపు వేశాను. ఇప్పుడక్కడ పసుపుపచ్చ చార మిగిలింది, దాని కింద రెండు మాటలు చదవడానికి లేవు. ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర, ఒత్తకుండా రాయండి. అదీ ఆ ముఖాలు గుర్తుపట్టేవాళ్లు ఇంట్లో ఉండగానే.

ఈ పనికి పేర్లిచ్చిన వాలంటీర్లు పదకొండు మంది. వచ్చింది ముగ్గురు, అందులో నేనొకణ్ణి. మిగతావారి కారణాలన్నీ వాట్సాప్‌లో భద్రంగా ఉన్నాయి, అవీ ఒక చరిత్రే.

హాలు ఇచ్చిన వారికి, బల్లలు మోసిన పిల్లలకు, స్కానర్ అరువిచ్చిన ఉపాధ్యక్షులకు, భూతద్దాలు తెచ్చిన మాస్టారికి, తుప్పు పట్టిన తాళాన్ని పెట్టెకు గీత పడకుండా తీసిన సోదరుడికి, ఫోన్లో ఓపిగ్గా మాట్లాడిన చిన్నమ్మమ్మ గారికి, చీకటిపడే దాకా ఉండి ఊడ్చి వెళ్లిన మా ఇంట్లో వారికి కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం కోశాధికారి గారి దగ్గర ఉంది. మిగులు ఉంది గానీ పెద్దగా లేదు. చందా బాకీ ఉన్నవారి పేర్లు ఈసారికి చదవడం లేదు.

పెట్టెల్లోని వస్తువుల జాబితా టైపు చేయడానికి ఇద్దరు కావాలి. దయచేసి పేర్లు ఇవ్వకండి, వచ్చే ఆదివారం నేరుగా వచ్చేయండి.

ఇట్లు,
కార్యదర్శి