పైనుంచి ఫొటో: తీయడం వేరు, చదవడం వేరు

బంగారు తల్లీ,

నువ్వు పంపిన డ్రోన్ ఫొటోలు చూశాను. బాగున్నాయి. "నాన్నా, ఇంక మీ మ్యాపుల వాళ్లకు పనేముంది?" అని కింద నవ్వు బొమ్మ పెట్టావు చూడు, దానికే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం విని ఊఁ కొడతావు.

ఆకాశం నుంచి మొదట ఫొటో తీసినవాడు నాడార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్. 1858లో పారిస్ దగ్గర, తాడుతో నేలకు కట్టిన బెలూన్ ఎక్కి తీశాడు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, అప్పటికప్పుడే కడగాలి. అందుకని బెలూన్ బుట్టలోనే చీకటి గది ఏర్పాటు చేసుకున్నాడు. అంతా చేసినా పలక మీద బొమ్మ పడేది కాదు, నల్లగా వచ్చేది. బెలూన్ మూతి నుంచి కారే గ్యాస్ పలక మీది వెండి లవణాన్ని పాడుచేస్తోందని తర్వాత తేలింది. మూతి మూసి ఎగిరాక గానీ బొమ్మ రాలేదు. పైకెళ్లేకొద్దీ గ్యాస్ ఉబ్బుతుంది కదా, మూతి మూయడమంటే ప్రాణాలతో చెలగాటమే! ఇంత చేసి తీసిన ఆ ఫొటోలు మిగల్లేదు. ఇప్పుడు మనకున్నవాటిలో అతి పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బోస్టన్ నగరం మీద తీసింది.

ఆ తర్వాత కెమెరాను గాలిపటాలకు కట్టారు. జర్మనీలో నాయ్‌బ్రోనర్ అనే మందుల షాపాయన పావురాలకు కూడా తగిలించి, 1908లో పేటెంట్ సంపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో ఈ సరదా పోయింది. శత్రువుల కందకాలు ఎక్కడున్నాయో రోజూ విమానాల నుంచి ఫొటోలు తీసి మ్యాపులు గీయడం సైన్యాలకు నిత్యకృత్యమైంది.

ఆ యుద్ధంలో నేర్చిన చూపే తర్వాత పురావస్తు శాస్త్రానికి పనికొచ్చింది. నేల కింద పాత గోడ ఉంటే పైన పైరుకు వేరు దిగదు, ఎండాకాలంలో ముందే ఎండి పసుపు రంగుకు తిరుగుతుంది. పూడిపోయిన గుంట ఉంటే అక్కడ మట్టి లోతుగా ఉండి తేమ నిలుస్తుంది, పైరు ఏపుగా పెరుగుతుంది. గట్టు మీద నిలబడితే ఈ తేడా కనిపించదు, పైనుంచి చూస్తే గీత గీసినట్టుంటుంది. ఇంగ్లండ్‌లో స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి స్తంభాల కట్టడం దగ్గర చెక్క స్తంభాల గుంటల వలయాన్ని 1925లో ఒక పైలట్ ఇలాగే గుర్తుపట్టాడు. దాన్నే ఇప్పుడు వుడ్‌హెంజ్ అంటున్నారు.

ఇంకొకటి చెప్పాలి, మనసు గట్టి చేసుకుని చదువు. 1944లో పోలండ్‌లోని ఒక జర్మన్ రసాయన కర్మాగారాన్ని గమనించడానికి మిత్రరాజ్యాల విమానాలు ఫొటోలు తీశాయి. దగ్గర్లో నాజీలు యూదులను లక్షల్లో చంపిన ఆష్విట్జ్ మృత్యు శిబిరం కూడా అదే ఫిల్ముకెక్కింది. చూసినవాళ్లు కర్మాగారాన్ని లెక్కగట్టి ఫైలు మూసేశారు. 1970ల చివర్లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ విశ్లేషకులు ఇద్దరు అవే పాత ఫొటోలు మళ్లీ బయటికి తీసి చూస్తే గ్యాస్ ఛాంబర్ల భవనాలు, వరుసగా నడుస్తున్న మనుషులు కనిపించారు. కెమెరా వైపు లోపమేమీ లేదు. మొదట చూసినవాళ్లకు శిబిరం సంగతి చూడమని ఎవరూ చెప్పలేదు, అంతే.

కాబట్టి పనేముందని అడగకు. నువ్వు మిట్టమధ్యాహ్నం తీశావు, నీడల్లేవు. మ్యాపుకైతే అదే మేలు, నేల ఎగుడుదిగుడులు తెలియాలంటే మాత్రం ఏటవాలు ఎండ కావాలి. ఒక ఫొటోలో ఉన్నది పక్క ఫొటోలోనూ అరవై శాతం దాకా పడేలా తీయి. అలాంటి జంటను స్టీరియోస్కోప్ కింద, అంటే ఒక్కో కంటికి ఒక్కో ఫొటో చూపే పరికరం కింద పెడితే ఇళ్లు, చెట్లు లేచి నిలబడతాయి, ఎత్తులు కొలవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే లెక్క, కాకపోతే వందల ఫొటోలతో. ఎగరేసే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో కనుక్కో. ఎంత ఎత్తు నుంచి తీశావో ఫైలు పేరులోనే రాయి. స్కేలు తెలియకుండా నన్నేం కొలవమంటావు?

ప్రేమతో,
నాన్న