చెక్క సీట్ కవర్ అంటే ఏ చెక్కో చెప్పి అమ్మాలి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇప్పుడు కట్టే ఇళ్లలో ఒక్క వెస్టర్న్ కమోడ్ అయినా పెడుతున్నారు. దానికి చెక్క సీట్ కవర్ కావాలని అడిగేవాళ్లూ ఉన్నారు. దుకాణంలో నిగనిగలాడిన సీటు ఒకట్రెండు వానకాలాలకే ఉబ్బిపోతే, చెక్కే పనికిరాదని ప్లాస్టిక్‌కు మళ్లుతున్నారు. తప్పు చెక్కది కాదు. చెక్క పేరుతో అమ్మే పొడిది.

చెక్క సీట్లుగా చెలామణి అయ్యే వాటిలో చాలావరకు చెక్కపొడిని జిగురుతో కలిపి అచ్చులో నొక్కి, పైన రంగు వేసినవే. కాగితంతో తుడుచుకునే చలి దేశాల్లో బాత్రూమ్ నేల పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ అవి నడుస్తాయి. ఒంటికి చల్లగా తగలదని కూడా చెక్కను కోరుకుంటారు. మన దగ్గర ఆ ఇబ్బంది ఆదిలాబాద్, ఆసిఫాబాద్ చలికి ఒక రెండు నెలలు ఉంటుందేమో. మనం జెట్‌తో కడుక్కుంటాం, బకెట్లతో నేల కడుగుతాం. నీళ్లు పైరంగులోంచి దిగవు. అడుగున రబ్బరు బుష్‌లు కొట్టిన బెజ్జాలకు, మడతబందుల స్క్రూ బెజ్జాలకు లోపల రంగుండదు, అక్కడ పీల్చుకుంటాయి. ముందు బెజ్జం చుట్టూ ఉబ్బుతుంది, తర్వాత రంగు పెచ్చులుగా లేస్తుంది. ఒకసారి ఉబ్బిన పొడి ఎండినా మళ్లీ పాత మందానికి రాదు.

కొనేముందు సీటు తిరగేసి, ఒక స్క్రూ విప్పించి బెజ్జంలోకి చూడండి. అసలు చెక్కయితే నార కనిపిస్తుంది. పొడి అయితే లోపలంతా ఒకే గోధుమరంగు ముద్దలా ఉండి, గోటితో గీకితే రాలుతుంది.

అసలు చెక్కకు మన దగ్గర కొదవ లేదు. దర్వాజలు, కిటికీలు చేసే చోట జానెడు టేకు తునకలు పొయ్యిలోకి పోతుంటాయి. సీటుకు కావలసినవి అవే. సీటును ఒకే పలక నుంచి కోస్తే ముందు వంపు దగ్గర నార అడ్డంగా పడుతుంది, మనిషి బరువుకు సరిగ్గా అక్కడే విరుగుతుంది. అందుకే ఆరో ఎనిమిదో తునకలను నార వంపు వెంట నడిచేలా పేర్చి, గాడి తీసి లోపల చీలలు వేసి అతకాలి. 18×14 అంగుళాల సీటు ముప్పావు అంగుళం మందంలో 189 ఘనపుటంగుళాలు. మూతతో కలిపినా ఘనపుటడుగులో నాలుగో వంతు లోపే. చేవ, అంటే మాను లోపలి ముదురు చెక్క మాత్రమే వాడాలి, అంచున ఉండే తెల్లచెక్క నీటికి ఆగదు. మామూలు తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది కనుక ఎపాక్సీ గానీ వాటర్‌ప్రూఫ్ జిగురు గానీ పెట్టాలి. లక్క పాలిష్ నీటి చుక్క పడితే తెల్లబడుతుంది, పనికిరాదు. పీయూ (పాలీయూరెథేన్) పాలిష్ నాలుగు పూతలు, అడుగుకూ బెజ్జాల లోపలికీ కూడా పట్టాలి. బందులు ఇత్తడివి గానీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ ఉండాలి. టేకు మూత కిలోన్నర దాకా తూగుతుంది, ప్లాస్టిక్ మూతను మెల్లగా దించేలా చేసిన సాఫ్ట్ క్లోజ్ బందు ఆ బరువు ఆపలేదు. మూత దభీమని పడితే కమోడ్ అంచే పగలొచ్చు. బాత్రూమ్ యాసిడ్ పోసేటప్పుడు సీటు ఎత్తి పెట్టాలి, ఆ పొగకే బందులు నల్లబడతాయి.

సైజు చూడకుండా కొన్న సీట్లు ఎన్నో తిరిగొస్తాయి. కమోడ్ మీద రెండు బోల్టు రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలవండి. చాలావాటికి 140 నుంచి 165 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రంధ్రాల నుంచి ముందు అంచు దాకా, అడ్డం ఎంత వెడల్పో కూడా రాసుకుని దుకాణానికి వెళ్లండి.

ఇక ఊళ్లలో అసలు గిరాకీ సీట్ కవర్‌కు కాదు, కుర్చీకి. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్ కింద 12,000 రూపాయల సాయంతో కట్టిన మరుగుదొడ్లలో ఉన్నది ఇండియన్ బేసినే. మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు దాని మీద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. బేసిన్ మీద పెట్టి తీసే టేకు కుర్చీ ఏ ఊరి వడ్రంగి అయినా చేయగలడు. ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు. కాళ్ల మధ్య 18 అంగుళాలకు తగ్గకూడదు, నాలుగు కాళ్లూ బేసిన్ బయట గట్టి నేల మీదే ఆనాలి. రెండు పక్కలా చేతులు పెట్టి లేవడానికి పట్టు, ముందు చెయ్యి పోయేంత ఖాళీ ఉండాలి. అంత ఎత్తు నుంచి పడితే చింది కాళ్ల మీద పడుతుంది కాబట్టి రంధ్రం కింద బేసిన్ దాకా దిగే ప్లాస్టిక్ గొట్టం తప్పనిసరి. చాలామంది మరిచేది కాళ్ల అడుగు. కోసిన కొన నీటిని జలగలా పీలుస్తుంది, కుర్చీ కుళ్లేది అక్కడే. కొనలను ఎపాక్సీలో ముంచి ఆరబెట్టాకే రబ్బరు బుష్‌లు తొడగాలి.

దుకాణదారులకు మా విన్నపం: డబ్బా మీద అసలు చెక్కా, నొక్కిన పొడా, బోల్టుల దూరం ఎంత, బందులు ఏ లోహంవి అన్నది తెలుగులో రాయించండి. వడ్రంగులు టేకు తునకలు పారేయకుండా, కుర్చీ ఒకటి చేసి దుకాణంలో పెట్టండి. కూర్చుని చూస్తేనే పెద్దవాళ్లకు ఎత్తు సరిపోయేదీ లేనిదీ తెలుస్తుంది.

– కొందరు వడ్రంగులు, ప్లంబర్లు, హనుమకొండ