ఎవరి టమాటా లెక్క వాళ్లది

చిట్టితల్లీ,

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. నాటి 40 రోజులైందన్నావు. నీ స్నేహితురాలి మొక్కకి అప్పుడే గుత్తులు గుత్తులుగా పచ్చికాయలు, నీదేమో ఇప్పుడిప్పుడే పూత. "ఇంకో రెండు గుప్పెళ్లు ఎరువు వెయ్యనా?" అని అడిగావు. వెయ్యకు. ఎందుకు వద్దంటున్నానో చెప్తాను, కాస్త పొడవవుతుంది.

ముందు రకం సంగతి. తనవి చెర్రీ టమాటాలు. చిన్నకాయ రకాలు చాలావరకు నాటిన 55–65 రోజులకే పండుతాయి. నువ్వు వేసింది పెద్దకాయ, 80 రోజులు దాటినా ఆశ్చర్యం లేదు. ఇంకో చిక్కు ఉంది. విత్తన ప్యాకెట్ మీద టమాటా, వంగ, మిరపలకు వేసే రోజులు మామూలుగా నారు నాటిన రోజు నుంచి లెక్క. బెండలా నేరుగా విత్తేవాటికి విత్తిన రోజు నుంచి. ఇది తెలియక నారుగా ఉన్న ఐదారు వారాలూ కలిపేసుకుని, మొక్క వెనకబడిందని బెంగపడేవాళ్లు చాలామంది.

తర్వాత ఎండ. "మాకు ఎండ బాగానే తగులుతుంది" అన్న మాటకి విలువ లేదు, గంటలు లెక్కపెట్టాలి. ఒక సెలవురోజు పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి వెళ్లి, ఆకు మీద నేరుగా ఎండ పడుతోందో లేదో కాగితం మీద టిక్కు పెట్టు. టమాటా, వంగ, మిరపలకు కనీసం 6 గంటలు, వీలైతే 8 కావాలి. నాలుగే వచ్చాయనుకో, పూత ఆలస్యం, కాపు పలచన. ఆ చోట ఆకుకూరలు వేసుకుంటే హాయిగా పెరుగుతాయి. పొద్దు దారి కాలంతోపాటు మారుతుంది కనుక రెండు నెలలకోసారి మళ్లీ చూడాలి.

వేడి కూడా అంతే. పగలు 32 డిగ్రీలు బాగా దాటినా, రాత్రి 24కి దిగకపోయినా టమాటా పుప్పొడి బలహీనపడి పూత రాలిపోతుంది. రాత్రి 13 కన్నా చల్లగా ఉన్నా పిందె సరిగా పట్టదు. గోడ వారన ఉన్న కుండీకి గోడ దాచుకున్న వేడి రాత్రంతా తగులుతుంది, ఆరుబయట మడికి తగలదు. రెండు వీధుల దూరం కూడా అక్కర్లేదు, ఒకే ఇంటి రెండు మూలల మధ్యే తేడా వస్తుంది.

ఇక ఎరువు. నీ ఫొటోలో ఆకులు ముదురాకుపచ్చగా, మందంగా ఉన్నాయి, చివరలు కిందికి చుట్టుకుంటున్నాయి. అది ఆకలి కాదు తల్లీ, నత్రజని ఎక్కువైన గుర్తు. ఇంకా వేస్తే ఆకే పెరుగుతుంది, పూత ఇంకా వెనక్కి పోతుంది, లేత చిగుళ్లకు పేనుబంక పురుగు పడుతుంది. కుండీలో అయితే లవణాలు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి. ఇప్పటికే రెండుసార్లు వేశావు కాబట్టి, కుండీకి దాదాపు రెండింతల నీళ్లు మెల్లగా పోసి అడుగు రంధ్రాల నుంచి పూర్తిగా కారనివ్వు. తర్వాత మూడు వారాలు ఏమీ వెయ్యకు. పక్కవాళ్ల మొక్కని చూసి తొందరపడితే జరిగే నష్టం ఎక్కువగా ఇక్కడే.

మొదటి కాయల అడుగు నల్లబడితే అప్పుడూ కంగారుపడకు. కాల్షియం తక్కువని గుడ్డు పెంకులు గుమ్మరించమంటారు. పెంకులు కరగడానికే నెలలు పడుతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, తడి నిలకడగా లేక కాయదాకా చేరదు. వేలు రెండు అంగుళాలు దించి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి, మట్టిపైన ఎండుగడ్డి కప్పు. టమాటాకి 20 లీటర్ల కుండీ ఉంటే ఈ పేచీ సగం తగ్గుతుంది.

తీగలు ఇంకా ఎందుకు కాయలేదని కూడా అడిగావు. గుమ్మడి, దోసలకు ముందు మగపువ్వులే వస్తాయి, ఒకటి రెండు వారాలు అంతే. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే ఆడది. గుమ్మడి పొద్దున్నే పూస్తుంది, సొర సాయంత్రం. చేత్తో పుప్పొడి అద్దాలంటే ఆ వేళకే వెళ్లాలి. చిక్కుడులో పాతరకాలు చాలా వరకు పగటివేళ తగ్గితేనే పూస్తాయి. అప్పటిదాకా ఎంత బతిమాలినా ఆకులే.

తన మొక్కని అసలు చూడొద్దనడం లేదు. రకమేది, ఎప్పుడు నాటింది, ఎండ ఎన్ని గంటలు, కుండీ ఎంత, ఏ ఎరువు ఎంత వేసింది, ఈ ఐదూ అడుగు. ఐదూ కలిస్తేనే పోలిక. (బాగా కాసిన మొక్కనే ఫొటో తీస్తారు, ఎండిపోయిన నాలుగింటిని తియ్యరు కదా.)

నీకు అసలు పనికొచ్చేది నీ పాత లెక్కే. ఒక నోటుబుక్కులో విత్తిన తేదీ, మొలక, నాటు, తొలి పువ్వు, తొలి పిందె, తొలి కోత రాసుకో, కోసిన ప్రతిసారీ గ్రాములు తూచి వెయ్యి. వచ్చే ఏడు ఏదైనా మార్చాలనిపిస్తే ఒకే రకం మొక్కలు నాలుగు పెట్టి, రెండింటికి మాత్రమే మార్చు, అదీ ఒక్క అంశమే. ఎరువూ కుండీ కలిపి మారిస్తే దేనివల్ల కాసిందో తేలదు.

ఎండ టిక్కుల కాగితం పూర్తయ్యాక ఫొటో తీసి పంపు. విత్తన ప్యాకెట్ ఉంటే దాని వెనకవైపు కూడా.

నాన్న